తాళాలాయన పై వరస

మా ఫ్యాక్టరీలో ఆరువందల పద్దెనిమిది మందీ ఎవరి కింద ఎవరున్నారో కంప్యూటర్‌ని అడిగే ఒక్క ప్రశ్నతో, అంటే క్వెరీతో, మెట్లుమెట్లుగా చూపించిన మొదటివాణ్ణి నేనే. పల్లెటూరి బళ్ళో పదో తరగతి చదివి, గుమాస్తాగా చేరి, నలభై రెండో ఏట డేటాబేస్ పని సొంతంగా పట్టుకున్నాను. పెద్ద చదువులవాళ్ళు పదకొండు మంది నా పక్కన కూర్చుని నేర్చుకుపోయారు. గొప్పకు చెప్పడం లేదు, ఉన్నమాట. అయినా ఇది రాస్తున్నది నా గురించి కాదు, తాళాలాయన గురించి.

ఆయన విడిభాగాల గోదాము చూసేవాడు, దాని తాళాలన్నీ ఆయన దగ్గరే. యార్డుకు ఆ కొసన రేకుల షెడ్డు. పెళ్ళి లేదు, తోడబుట్టినవాళ్ళు లేరు. పందొమ్మిదేళ్ళప్పుడు ఫోర్‌మన్ చేరదీసి పనిలో పెట్టాడు. ముప్పై ఏళ్ళు ఆ షెడ్డులో వాళ్ళిద్దరే, ఎదురెదురుగా రెండు స్టూళ్ళు. ఫోర్‌మన్ పోయాక రెండో స్టూలు మీద ఎవరూ కూర్చోలేదు. అంతదూరం వెళ్ళేవాళ్ళు ఎవరని. ఆయన నోటికి కూడా తాళం వేసుకుని చెవి పారేసుకున్నాడని క్యాంటీన్లో నవ్వుకునేవారు.

ఫ్యాక్టరీ కొత్త చోటికి మారే ముందు, వెళ్ళేవాళ్ళ జాబితా తీయమని మా ఆఫీసు మేనేజరమ్మ నాకు పురమాయించింది. అందులో లేనివాళ్ళకు నెలాఖరుతో పని ఆఖరు.

మా పట్టికలో మనిషికో వరస. అందులో తన నంబరు, తన పైవాడి నంబరు ఉంటాయి. క్వెరీ జనరల్ మేనేజరు దగ్గర మొదలై కిందికి దిగుతుంది. దాన్ని సరిచూడటానికి నేనొక ఫంక్షన్, అంటే చిన్న ప్రోగ్రాము, రాసి సర్వర్లో పెట్టాను. అది ఒక మనిషి దగ్గర మొదలై పైకి ఎక్కుతుంది. పైవాడి నంబరును వేరియబుల్ అనే తాత్కాలిక గడిలో పెట్టుకుని, ఆ నంబరుతో మళ్ళీ ఆయన పైవాణ్ణి వెతుకుతుంది. ఇరవై మెట్లెక్కినా కొసకు చేరకపోతే అది తప్పుడు రికార్డని చెబుతుంది. ఆరోజు ఒక్క తప్పుడు రికార్డే వచ్చింది. ఎవరో నంబరు తప్పు కొట్టి ఉంటారనుకుని, పేరైనా చూడకుండా జాబితా పంపేశాను.

రెండు రోజులకు తాళాలాయన నా గది గుమ్మంలో నిలబడ్డాడు. లోపలికి రమ్మన్నా రాలేదు.

"అన్నా, గోడమీది కాయితంలో నేను లేను. పొరపాటేమో చూస్తావా? కాదంటే ఫర్వాలేదు, తాళాలు ఎవరికివ్వాలో చెప్పు."

నా క్వెరీ పొరపాటు చెయ్యదని కాస్త గట్టిగానే అన్నాను. అని చూద్దును కదా, తప్పు నాదే. ఫోర్‌మన్ పోయినప్పుడు ఆయన వరసను పట్టికలోంచి తీసేసింది నేనే. పైనుంచి దిగే క్వెరీకి మధ్యలో మెట్టు లేదు. కిందనుంచి ఎక్కే ఫంక్షన్‌కి ఫోర్‌మన్ వరస దొరకలేదు. దొరకనప్పుడు వేరియబుల్ ఖాళీ అవుతుందనుకున్నాను. అది పాత నంబరునే పట్టుకుని ఉండిపోయింది. ఇరవైసార్లూ పోయినాయన కోసమే వెతికింది.

మేనేజరమ్మ దగ్గరికెళ్ళి తప్పు నాదని చెప్పాను. ఇరవై ఏడేళ్ళలో ఆ మాట అనడం అదే మొదలు. ఆవిడ కోప్పడలేదు. సాయంత్రంలోగా ఆయన్ని డిస్పాచ్ సూపర్‌వైజరు కింద వేసి పంపమంది.

జరిగినదంతా తాళాలాయనతో చెప్పాను.

"వద్దన్నా. నేను మా ఫోర్‌మన్ కిందే ఉంటాను."

"ఆయన లేడు కదయ్యా."

"నువ్వు తీసేశావు కాబట్టి లేడు."

నా మాట ఎవరూ కొట్టెయ్యలేదు ఆ ఆఫీసులో. ఆరోజు మాత్రం ఈయన కొట్టేశాడు.

మళ్ళీ మేనేజరమ్మ దగ్గరికెళ్ళాను. కింద మనిషి ఉన్నంతకాలం పైవాడి వరస చెరపకూడదనీ, పని ముగిసిన తేదీ వేసి ఉంచాలనీ, అలా చెయ్యకపోవడం నా రెండో తప్పనీ చెప్పాను. పోయిన మనిషి కింద ఎలా వేస్తారు సార్ అని ఆవిడ చాలాసేపు నసిగింది. చివరికి, బాధ్యత మీదేనని రాసి సంతకం పెట్టమంది. పెట్టాను. ఫోర్‌మన్ వరస తిరిగి ఎక్కించాను. వెతికే ప్రతిసారీ ముందు వేరియబుల్‌ని ఖాళీ చేసేలా ఫంక్షన్ దిద్దాను. ఈసారి అది నాలుగు మెట్లలో కొసకు చేరింది.

కొత్త కాయితం షెడ్డుకి నేనే పట్టుకెళ్ళాను. ఆయన తన పేరు చూసుకోలేదు. దాని పైనున్న ఫోర్‌మన్ పేరు మీద వేలు పెట్టి అడిగాడు:

"ఇది ఎన్నాళ్ళుంటుందన్నా?"

"నువ్వు పనిలో ఉన్నన్నాళ్ళూ తీయడానికి వీల్లేదు."

"ఆ తర్వాత?"

ఆయన కింద ఎవరూ లేరు; ఆయన పని మానాక ఆ రెండు వరసలూ తీసెయ్యొచ్చు. అటుపక్క ఖాళీ స్టూలు లాక్కుని కూర్చున్నాను. ఆయన కాయితం మడిచి జేబులో పెట్టుకుని, డబ్బాలకు నంబర్లు అంటించే పనిలో పడ్డాడు.