కాడి దించిన ఊపిరితిత్తి

ఈ రోజు కర్నూలు ఆసుపత్రిలో, క్షయతో మంచాన పడిన మా ఆయనకు పక్కటెముకల నడుమ సూది గుచ్చి రొమ్ములోకి గాలి ఎక్కించినారు. దాన్ని న్యుమోథొరాక్స్ అంటారనీ, ఒక ఊపిరితిత్తి ముడుచుకుపోయిందనీ కాంపౌండరు చెప్పిపోయినాడు. అంతే, మా అత్త ఏడుపు మొదలుపెట్టింది.

"బండి కట్టించండి! నా కొడుకును ఇంటికి, ఆలూరికి తోలుకపోతా."

పోతే వైద్యం ఆగిపోతుంది. పరాయి మగవాళ్ళతో ఎన్నడూ మాట్లాడని నేను, తలుపు చాటునుంచి డాక్టరును అడిగేసినాను. "అయ్యా, న్యుమోథొరాక్స్ అనే ఆ మాటకు అర్థమేమి?"

"రొమ్ములో గాలి అని, అంతేనమ్మా. లోపలి పుండు మానేదాకా ఆ తిత్తికి పని లేకుండా మేమే గాలితో అణిచిపెట్టినాము. రెండోది ఊపిరి తీస్తుంది. మానినాక ఇదీ మళ్ళీ విచ్చుకుంటుంది."

అత్త కళ్ళు తుడుచుకుంది. "అంటే మెడ పుండైన ఎద్దుకు కాడి దించినట్ల! ఆ ముక్క ముందే చెప్పకూడదేమప్పా?"

మా ఆయన దుప్పటి చాటున నవ్వినారు. సాయంత్రానికి అత్త పక్క మంచాలవాళ్ళందరికీ ఎద్దు కథ చెప్పేసి, నా దగ్గరికొచ్చింది. "నీకు నోరుండాదని ఈ పొద్దే తెలిసింది. రేపూ నువ్వే అడుగు పిల్లా."

ఆయన ఇంటికి ఎప్పుడొస్తారని అడుగుతాను. మీరైతే ముందు ఏమడుగుతారు?