ఒక్క టెస్ట్ చాలనుకున్న టెస్టర్

ఆఫీస్‌లో నా పని సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఒకసారి పాసైందని డెవలపర్లు మురిసిపోతుంటే, మళ్లీ రన్ చేయండంటూ వాళ్ల ప్రాణాలు తోడేసినందుకే నాకు జీతమిస్తారు. టెక్సస్‌లో, ఫ్రిస్కోలోని మా ఇంటికి అనాథ కుక్కల షెల్టర్ నుంచి కుక్కను తెచ్చుకున్నాక ఆ తెలివంతా ఏ గంగలో కలిసిందో తెలియదు.

మొదటి వారంలోనే పశువుల డాక్టరమ్మ దాని రక్తం తీసి హార్ట్‌వార్మ్ పరీక్ష చేసింది. దోమకాటుతో ఒంట్లో చేరి, గుండె దగ్గర కాపురం పెట్టే పురుగులట. నెగటివ్ వచ్చింది. ఆవిడ అంతటితో ఊరుకోలేదు. ఈ పరీక్షకు ఎదిగిన ఆడ పురుగులే దొరుకుతాయనీ, పిల్ల పురుగులు ఎదగడానికి ఆరు నెలలు పడుతుందనీ, అప్పుడు మళ్లీ తీసుకురమ్మనీ, ఈలోగా కొత్త పురుగులు చేరకుండా నెలనెలా మాత్ర మానొద్దనీ చెప్పింది. తలూపాను. తలూపడంలో నన్ను మించినవాడు లేడు.

ఇంటికి రాగానే రిపోర్టును ఫ్రెండ్స్ వాట్సాప్ గ్రూపులో పెట్టాను, అదేదో మా అమ్మాయి ర్యాంకు కార్డయినట్టు.

"నెగటివ్ వచ్చింది కదా బావా, రోగం లేనిదానికి మందెందుకు?" అన్నాడొక మిత్రుడు.

నాకది బ్రహ్మాండమైన లాజిక్‌లా తోచింది. మాత్రల డబ్బా సొరుగులోకి పోయింది. ఆరో నెల అపాయింట్‌మెంట్‌ను రెండుసార్లు నేనే కాన్సిల్ చేశాను.

ఏడాది తిరిగేసరికి కుక్క దగ్గడం మొదలుపెట్టింది. బంతి విసిరితే సగం దూరం వెళ్లి కూలబడేది. ఈసారి పాజిటివ్. నాలోని టెస్టర్ అప్పుడు నిద్ర లేచాడు. ఈ టెస్ట్ ఎంత యాక్యురేట్ అని నిలదీశాను, వేరే కిట్‌తో చేయమన్నాను. పాజిటివ్ వస్తే మేమెలాగూ ఇంకోసారి చూస్తామని డాక్టరమ్మ శాంతంగా చెప్పింది. చూసింది. అదే ఫలితం. పురుగు మొదటిరోజే దాక్కుని ఉందో, నేను మాత్ర మానేశాక వచ్చిందో తేల్చే పరీక్ష మాత్రం లేదట.

కార్‌లో వెనక సీట్లో కుక్క తల ఒళ్లో పెట్టుకుని మా పన్నెండేళ్ల అమ్మాయి అడిగింది.

"నాన్నా, నెగటివ్ వచ్చినప్పుడు సెకండ్ టెస్ట్ ఎందుకు అడగలేదు నువ్వు?"



ఇప్పుడు పురుగుల్ని చంపే ఇంజెక్షన్లు నడుస్తున్నాయి. నెలల తరబడి కుక్క గెంతకూడదు, హుషారుపడకూడదు. గుండె వేగం పెరిగి, చచ్చిన పురుగుల ముక్కలు ఊపిరితిత్తుల్లో అడ్డుపడితే ప్రాణానికే ముప్పు. ఇంట్లో అందరికంటే నన్ను చూస్తేనే దానికి హుషారెక్కువ. అందుకని మా అమ్మాయి నన్ను ఆ గదిలోకి రానివ్వడం లేదు. తలుపు బయట నిలబడి దాని దగ్గు వింటాను. ఏడుపొస్తుంది. అలికిడైతే కుక్క లేచి గెంతుతుందని, ఆ ఏడుపు కూడా చప్పుడు కాకుండా ఏడుస్తాను.