నేను తుడిపేసిన చీరల కంచె

రిటైరయ్యాక మా వేరుశనగ రైతుల వాట్సాప్ గ్రూపుకు నన్ను అడ్మిన్‌ని చేశారు. లెక్కలు చెప్పిన పంతుల్ని. సరైన జవాబు ఒకటి దొరికాక మిగతాదంతా సొల్లేనని నా లెక్క. ఎవరేమడిగినా నాకు నచ్చిన జవాబు ఒక్కటే ఉంచి మిగిలినవి తుడిపేసేవాణ్ని. గ్రూపు శుభ్రంగా ఉందని నా మురిపెం నాది.

ఒక యాసంగి పంటకాలంలో అమ్రాబాద్ అడవి అంచున ఎకరం కౌలుకు చేస్తున్న ఒకావిడ గ్రూపులో గొంతు రికార్డు చేసి పెట్టింది. కాయ పట్టే వేళకు అడవి పందులు చేనంతా తవ్విపోస్తున్నాయట. ఈసారీ పంట పోతే పట్టాదారు చేను వేరేవాళ్లకిస్తానన్నాడట.

నేను వెంటనే సోలార్ కంచె గురించి బొమ్మ గీసి మరీ పెట్టాను. ఈలోగా ఒకరు మంగలి షాపులో వెంట్రుకలు తెచ్చి గట్లమీద చల్లమన్నారు. ఒకరు కుళ్లిన గుడ్ల నీళ్లు పిచికారీ చేయమన్నారు. ఇంకొకాయన చేను చుట్టూ పాత చీరలు కట్టమంటూ ఏదో వివరంగా చెప్పబోయాడు. నాకు ఒళ్లు మండింది. పూర్తిగా వినకుండానే అన్నీ తుడిపేశాను. చీరలాయన మళ్లీ పెట్టాడు. మళ్లీ తుడిపేశాను. ఆయన గ్రూపులోంచి వెళ్లిపోయాడు. పీడ విరగడైందనుకున్నాను.

వారం తర్వాత ఆవిడ ఫోన్ చేసింది. అప్పటికి సగం చేను పోయింది. సోలార్ కంచెకని తన భూమిలో ఒక్క స్తంభం కూడా పాతనివ్వనని పట్టాదారు అన్నాడట.

“సార్, గా చీరెల ముచ్చట ఎవరో చెప్పిన్రు. సగం ఇన్న. మళ్ల ఇందామంటె లేకపాయె. ఎంత ఎత్తుల కట్టాల్నట?”

నాకు తెలియదన్నాను. తుడిపేసింది నేనేనని చెప్పడానికి నోరు రాలేదు.

సిగ్గు చంపుకుని చీరలాయనకు ఫోన్ చేశాను. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. మోకాలెత్తున, కింద సందు లేకుండా, తీరుతీరు రంగులవి కట్టాలని ఓపికగా చెప్పాడు. పెట్టేసేముందు అన్నాడు: “మా దిక్కు నడిచింది సార్. ఆమె దగ్గర నడుస్తదో లేదో. గా వెంట్రుకలు చెప్పినోళ్లను గుడ జర అడుగుండ్రి.”

ఆవిడ చీరలు కట్టింది. మిగిలిన చేనులో మూడు వైపులా పందులు ఆగాయి, వాగు వైపు ఆగలేదు. వెంట్రుకల సంగతి చెప్పిందెవరని గ్రూపులో అడిగాను. రెండ్రోజులు చూశాను. ఎవరూ పలకలేదు.

వానాకాలానికి ఆ చేను వేరేవాళ్లు దున్నారు. ఆవిడ ఇప్పటికీ గ్రూపులోనే ఉంది. ఏమీ అడగదు.