బక్కమ్మ చెయ్యి

బక్కమ్మ చేతిని ఆ రోజు డాక్టర్లు ముట్టుకోలేదు. ఆమెకు జరిగిన అన్యాయం అక్కడే మొదలైంది.

2003లో పట్నం నుంచి ఒక డాక్టర్ల బృందం మాడుగులపల్లికి వచ్చింది. ఆమె పెనిమిటి అచ్చయ్య అప్పటికే పక్కవాళ్ల మందలో దూరి, ఇవి నా గొర్రెలేనని కొట్లాడే దాకా వచ్చాడు. యాభై దాటగానే ఇంత మరుపేమిటని వాళ్లు అతని నెత్తురు, అతని తమ్ముళ్ల నెత్తురు తీసుకున్నారు. బక్కమ్మ కూడా చెయ్యి చాపితే, "నువ్వు బయటింటి నుంచి వచ్చినదానివి, నీది అక్కర్లేదు" అన్నారు. మళ్లీ వచ్చి సంగతి చెబుతామన్నారు. రాలేదు. అచ్చయ్య చివరికి భార్యను గుర్తుపట్టకుండానే పోయాడు.

దినాలు కాకముందే ఆడబిడ్డ పెంటమ్మ వాడకట్టు మధ్య నిలబడి అంది: "మా తమ్ముని నెత్తురు అమ్ముకున్నది. తన చెయ్యి మాత్రం కొంగుల దాసుకున్నది."

ఆ మాట ఏళ్ల తరబడి బతికింది. బక్కమ్మ బోరింగు దగ్గరికి పోతే అక్కడి మాటలు ఆగిపోయేవి.

2013లో మహేశ్వర్ వచ్చాడు. కోదాడ కుర్రాడు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ డాక్టర్లు కొందరు వేరే రాష్ట్రాల వాళ్లతో కలిసి అల్జీమర్స్ అనే ఈ మతిమరుపు జబ్బు మీద పరిశోధన మొదలుపెట్టారు. ఇల్లిల్లూ తిరిగి మనుషులను ఒప్పించడం అతని పని.

"ఈ జబ్బు గురించి తెలిసిందంతా తెల్లోళ్ల నెత్తురు చూసి తెలిసిందే పెద్దమ్మా. మనలాంటోళ్లది ఎవరూ సరిగా చూడలేదు."

"తీస్కపోయిండ్రు గద బిడ్డా. సూడకుంటే ఏం జేసిండ్రు, తాగిండ్రా?"

అరుగు మీద పెంటమ్మ నవ్వింది.

కొడుకు కృష్ణకు నలభై దగ్గర పడుతోంది. ఇన్నేళ్లూ నోటి దాకా వచ్చి ఆగిన మాటను బక్కమ్మ ఈసారి అడిగేసింది.

"నా కృష్ణకు వస్తదా రాదా, గది సెప్తవా?"

"చెప్పలేం పెద్దమ్మా. వేలమంది నెత్తురు పోల్చి చూస్తేగానీ జబ్బు మూలం దొరకదు. ఒక్కరి సంగతి చెప్తామంటే అది అబద్ధం."

"ఇన్నవా మరదలా," అంది పెంటమ్మ, "గీపారి ముందే సెప్పి దోసుకుంటున్నరు."

ఒప్పుకున్నాక వీళ్లూ మాయమైతే ఇక ఊళ్లో తలెత్తుకోవడం కుదరదు. ఒప్పుకోకపోతే కృష్ణ పిల్లల నాటికి కూడా ఎవరికీ ఏమీ తెలియదు. బక్కమ్మ మహేశ్వర్ వైపు తిరిగింది.

"ఏం తెల్వకపోయినా, తెల్వలేదని సెప్పనీకి రావాలె. వస్తవా?"

"వస్తాను. ఈసారి నీది కూడా కావాలి. మతి బాగున్నోళ్ల నెత్తురుతో పోల్చి చూడాలి."

అతనితో వచ్చిన నర్సు ముందు బక్కమ్మ చెయ్యి చాపింది. ఆమె వెనక కృష్ణ, మరుదులు కూర్చున్నారు. పెంటమ్మ లేచి లోపలికి పోయింది.

ఏడాది దాటింది. నేరేడుచర్ల నుంచి ఆటో వచ్చి ఆగినప్పుడల్లా పెంటమ్మ కేకేసేది: "మరదలా, నీ డాక్టరు దిగిండేమో సూడు." బక్కమ్మ చూడనట్టే చూసేది.

2014 వానల్లో మహేశ్వర్ దిగాడు. అతను ఆమెను చూడడం అదే ఆఖరు. తడిసిపోయి, వట్టి చేతులతో వాకిట్లో నిలబడ్డాడు.

"ఇంకా ఏం తేలలేదు పెద్దమ్మా."

బక్కమ్మ అతన్ని కూర్చోమనలేదు. పెంటమ్మ ఇంటి వైపు చెయ్యి చూపింది.

"గా మాట నాకు గాదు, మా వదినె వాకిట్ల నిలవడి సెప్పు. జర గట్టిగ సెప్పు బిడ్డా, వాడకట్టంత ఇనాలె."