చిన్నమ్మలు నాటిన కొరియన్ గడ్డి

చిన్నమ్మలు నడుము ఏ మడిలో పోయిందో ఆవిడకే తెలీదు. పెళ్లయిన దగ్గర్నుంచీ వరి ఊడ్పుల్లో వంగిన మనిషి. పొద్దున్నే లేచి నిలబడాలంటే తలుపు పట్టుకోవాలి. అందుకే, దిండిలో గోదారి ఒడ్డున రిసార్టు కడుతున్నారు, తోటపనికి ఏడాది పొడుగునా మనుషులు కావాలిట అని 2002లో కబురొస్తే, అందరికంటే ముందు పరిగెత్తింది. పరిగెత్తడమంటే, కుంటుకుంటూనే. ఇంక బురదలో దిగకూడదు. ఆవిడ కోరికల్లా అదే.

సూపర్‌వైజర్ రాంబాబు కడియం నర్సరీల నుంచి వ్యాన్ నిండా గడ్డి తెప్పించేడు. ఆకు ఆకులా లేదు, కుట్టుదారంలా ఉంది.

"ఇదేం గడ్డండీ బాబూ?"

"కొరియన్ గ్రాస్. గింజ చల్లితే రాదు. పిలకలు విడదీసి నాటాలి. తర్వాత అదే పాక్కుంటూ దుప్పటిలా కమ్మేస్తుంది."

నాటడమేగా! పుట్టి బుద్ధెరిగాక చేసిందల్లా అదే. చిన్నమ్మలు, ఆవిడతో ఊడ్పులకెళ్లే ముఠా కలిసి నేల తవ్వి, నీళ్లు పెట్టి, కాళ్లతో తొక్కి దమ్ము చేసేరు. వెనక్కి వెనక్కి నడుస్తూ నాటేసేరు. పైన నీళ్లు నిలగట్టేరు. రాంబాబూ రైతుబిడ్డే. గట్టు మీద నిలబడి "వరస బ్రహ్మాండం" అన్నాడు.

పది రోజులకి గడ్డి పసుపెక్కింది. ఆనక కుళ్లు కంపు. ఓనరు రాంబాబుని తిట్టేడు, రాంబాబు ముఠాని తిట్టి ఇళ్లకి పంపించేసేడు. చిన్నమ్మలు మాత్రం కదల్లేదు.

"మళ్లీ నాటతానండీ. నన్నుంచండి."

"నీళ్లు నిలగట్టమని ఎవడు చెప్పేడు నీకు?"

"తమరూ గట్టు మీదే ఉన్నారు కదండీ."

రాంబాబు తల గోక్కున్నాడు. ఉంచేడు.

ఈసారి లంక ఇసుక పోసి నేల ఎత్తు చేసేరు. నీళ్లు జారిపోయేయి, గడ్డి బతికింది. కానీ దాని నడక నత్త నడక. గట్టు మీది గరిక వారంలో మూరెడు పాకితే, ఇది నెలకి వేలెడు. పైగా ఇసుకతోపాటు తుంగ కలుపు కూడా వచ్చింది. అది పీకడమే ఇంక చిన్నమ్మలు ఉద్యోగం. పీటేసుకుని కూర్చోడం, పీకడం, పీట జరుపుకోడం. పైన పీకితే లోపలి గడ్డలోంచి మళ్లీ మొలుస్తుంది. నడుములో నెప్పి మోకాళ్లలోకి దిగింది. పోనీలే, బురద కాదు కదా.

ఓసారి అంచులెంట వేళ్లతో సహా చెక్కేసిన గడ్డి బుట్టలో వేసుకుని మేకకి తీసుకెళ్లింది. మేక వాసన చూసి మొహం తిప్పుకుంది. "నీకు కొరియా సరుకు ఎలా దిగుతుందే!" అని తిట్టి, వేళ్లూ తీగలూ అన్నీ చేనిగట్టు మీద పారబోసింది.

అలా నాలుగేళ్లు. గడ్డి మెల్లిగా ఒకదాంతో ఒకటి కలిసిపోయింది. వేలు దూర్చడానికి సందు లేదు. కింద ఎండ తగలక తుంగ చచ్చింది. చివరికి, పొద్దుటినుంచి వెతికినా పీకడానికి ఒక్క తుంగ మొక్క దొరకని రోజొచ్చింది. ఆ రోజే ఆవిడకి అర్థమైపోయింది. రాంబాబు నోరు విప్పడానికే మొహమాటపడ్డాడు.

"చిన్నమ్మలూ, కోతకి మిషన్ కొంటున్నారు. కలుపా, లేదు. వచ్చే నెల్నుంచి ఇంక..."

"ఆయ్" అంది. బతిమాలడానికి కూడా ఓపిక లేదు.

తొలకరి ఊడ్పులకి మళ్లీ పాత ముఠాలోకే వెళ్లింది. దూరం నుంచే ముఠాలోని రూతమ్మ మొదలెట్టింది. "లాన్ దొరసానిగారు దయచేసేరండోయ్! పీట తెచ్చుకున్నారాండీ?"

అందరూ నవ్వేరు. చిన్నమ్మలూ నవ్వింది, ఏడిస్తే ఎవరిక్కావాలి?

గట్టెక్కి చూస్తే, అప్పుడు తను పారబోసిన, మేక కాదన్న గడ్డి చేటంత మేర పరుచుకుని ఉంది, మెత్తగా, పచ్చగా. ఎవరూ నాటలేదు, ఎవరూ నీళ్లు పెట్టలేదు. మధ్యలో ఒక్క తుంగ మొలక. చెయ్యి దానంతటదే వెళ్లి పీకేసింది.

చీర పైకి దోపుకుంది. "ఆ నారుకట్ట ఇలా పడెయ్యవే" అంటూ మడిలోకి దిగింది.