మా అమ్మ వీపుకి కట్టిన అట్ట

మా అక్క కూతుర్ని ఇంట్లో అందరం మొలక అంటాం. మొక్కలమ్మే నర్సరీలో దాని పని. రోజంతా నేల మీదికి వంగి, వేలితో గుంట చేసి నారు నాటుతూ, ఆ నారుతో కబుర్లు చెబుతుంది. మాతో ఏనాడూ అన్ని మాటలు మాట్లాడలేదు, అది వేరే సంగతి. చిన్నప్పుడే దాని వెన్నెముక పక్కకి వంపు తిరిగింది. మా అమ్మ దర్జీ. కిందికి జారిన భుజంలో దూది పెట్టి చొక్కాలు కుట్టి, ఆ వంకర ఎవరి కంటా పడకుండా నెట్టుకొచ్చింది. "నిటారుగా నిలబడవే" అని పిల్ల ప్రాణం తీసిందీ ఆవిడే.

వంపు ముదిరి ఊపిరికి అడ్డం పడేసరికి ఆపరేషన్ తప్పలేదు. ఎంత మేరకు అన్నదే తగువు. డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది. పైనున్న పెద్ద వంపు వరకే రాడ్లు వేసి బిగిస్తే నడుము వంగుతుంది, కానీ కింద చిన్న వంపు మిగులుతుంది, అది పెరిగితే మళ్లీ కొయ్యాల్సి రావచ్చు. నడుము దాకా బిగిస్తే మనిషి ఇంకాస్త తిన్నగా ఉంటుంది, కానీ ఇక వంగడమంతా తుంటి దగ్గరే. ఈ పిల్లకి రెండూ చెయ్యదగ్గవే, ఆలోచించుకుని రండి అంది.

మా అమ్మకి ఆలోచన దేనికి? కిందిదాకా బిగించెయ్యమంది. నడుం వంగకపోతే నారెలా నాటను అని మొలక ముఖం మాడ్చుకుంది. అక్క ఎటూ తేల్చుకోలేక గోళ్లు కొరుక్కుంది. నాకు ఒళ్లు మండింది. బట్టల తాను చుట్టి వచ్చే పొడవాటి అట్ట తెచ్చి, మెడ నుంచి నడుము కిందిదాకా అమ్మ వీపుకి బిగించి కట్టేశాను. సాయంత్రం దాకా ఇలా ఉండి అప్పుడు తీర్పు చెప్పమన్నాను. పంతంలో ఆవిడ తర్వాతే ఎవరైనా. సరేనంది.

సూదిలో దారం ఎక్కించడానికి మిషను మీదికి వంగబోయి, బిగుసుకుపోయింది. కత్తెర జారిపడితే మోకాళ్ల మీద కూలబడి తడుముకుంది. కొలతలివ్వడానికొచ్చిన ఒకాయనకి చీలమండ దాకా టేపు పట్టలేక, ఆయన్నే కాలెత్తి బల్ల మీద పెట్టమంది. ఆయన పెట్టాడు పాపం. మొలక పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. దాన్ని చూసి అక్కా, నేనూ, ఆఖరికి అమ్మ కూడా. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుని, అట్ట విప్పమంది.

"పైవరకే చేయించుకోవే," అంది మొలకతో. "మిగిలిన వంకర సంగతి నేను చూసుకుంటా. కుట్టేది నేనే కదా."

"రేపు మళ్లీ కొయ్యాల్సొస్తే?" అంది అక్క.

"అప్పుడు చూసుకుందాంలే అమ్మా. ఇప్పటికైతే నన్ను వంగనీ," అంది మొలక.

ఆపరేషన్ బాగా జరిగింది. చాన్నాళ్లు ఇంట్లోనే ఉంది. ఇక వంగొచ్చని డాక్టరమ్మ చెప్పిన మర్నాడే నర్సరీకి పరిగెత్తింది. దూది పెట్టని కొత్త చొక్కా వేసుకుంది. నడుము దగ్గర కాస్త ఏటవాలు ఉంది, అమ్మ కుట్టులో సర్దేసింది. మొలక మెల్లగా వంగి, గుంట చేసి నారు పెట్టింది. ఏవో కబుర్లు కూడా మొదలుపెట్టింది.

మాతో పాటు వెంట వచ్చిన అమ్మ ఊరుకుంటుందా? పూలకుండీ కొనడానికొచ్చిన ముక్కూమొహం తెలియని పెద్దాయన్ని చెయ్యి పట్టుకుని ఆపింది.

"చూశారా, మా పిల్ల ఎంత బాగా వంగుతోందో," అంది.