రెండూ ఎడమ చేతులే

ఏడో తరగతిలో బడి మానేసిన నేను క్లాసు చెప్తానంటే జనగామలోని మా షాపు కుట్టుమిషన్ కూడా నవ్వింది. రెడీమేడ్ల దెబ్బకు గిరాకీ పోయింది, ఆన్‌లైన్ల కుట్టు నేర్పి బతుకుదామని మొన్న ఎండాకాలం ఫ్రీ వెబినార్ పెట్టిన. ముప్పై మంది చూస్తున్నరు. బట్ట మడిచి కత్తిరిస్తేనే జాకెట్‌కు రెండు చేతులు జతగా వస్తయి. భయంల నేను మడుచుడు మరిచి ఒక్కొక్కటే కత్తిరించిన.

పైకెత్తి చూపెట్టంగనే గూడూరు నుంచి చూస్తున్న అవ్వ ఒకామె, "బిడ్డా, రెండూ ఎడమ చేతులే! కుడిది ఏడబాయె?" అన్నది. అందరూ ఒకటే నవ్వుడు. ఇగ ఫీజు క్లాసుల ఒక్కరు చేరరనుకున్న. చెమట తుడుచుకుని, "తప్పు ఫ్రీగ చూపెట్టిన అవ్వా, ఒప్పుకు ఫీజుంటది" అన్న. బట్ట మడిచి మళ్లీ కత్తిరించిన.

మొదట చేరింది ఆ అవ్వే. "ఇగ మడుచుడు జన్మల మరువను" అన్నది. నేను మాత్రం మరుస్తనా?